అరగంట దూరం

మొదట్లో అతని చేతిలో ఉన్నవి రెండే: ఒక కత్తెర, ఒక అక్క. అతను గులాబీలు కత్తిరించేవాడు, అక్క ముళ్ళు తీసేది. ఆ పెట్టుబడితోనే వ్యాపారం నిలబడింది.

ఇవాళ కూడా తెల్లవారేసరికి అతను బల్ల ముందు నిలబడి మొగ్గలు ఏరుతున్నాడు. బొటనవేలితో ఒక్కొక్క మొగ్గ నడుము నొక్కి చూస్తాడు. గట్టిగా ఉంటే కట్టలోకి, మెత్తబడితే గంపలోకి. రేకు విడిన పూవు అతని పెట్టె ఎక్కదు. అందుకే మార్కెట్టంతా అతన్ని మొగ్గయ్య అంటుంది. తడికాగితం చుట్టి, అట్టపెట్టెల్లో పేర్చి, సాయంత్రం విమానానికి పంపుతాడు. అవతలి ఊళ్ళో అక్క దించుకుని తన కొట్లో అమ్ముతుంది. పెళ్ళయి వెళ్ళిన పరాయి దేశంలో ఆమె పెట్టుకున్న కొట్టు అది.

అక్కడి గడియారం ఇక్కడికన్నా రెండు గంటలు వెనక. ప్రయాణం రెండున్నర గంటలు. అయినా ఇక్కడ ఆరింటికి లేచిన విమానం అక్కడి గడియారంలో ఆరున్నరకే దిగుతుంది. తిరుగు టిక్కెట్టు మీద మాత్రం నాలుగున్నర గంటలు కనబడుతుంది.

"నువ్వెంత దూరమే అక్కా, అరగంట. అనుకున్న రోజు వచ్చేస్తా," అనేవాడు.

"నాకు నాలుగున్నర గంటలురా. అయినా నేనే వస్తున్నా," అని ఆమె ఎత్తిపొడిచేది.

నిజంగానే ఆమే వచ్చింది. అతని పెళ్ళికి వచ్చింది, భార్య పోయినప్పుడు వచ్చింది, కాలు విరిగితే వచ్చి నెల్లాళ్ళు వండిపెట్టింది. ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా అని అతను ఒక్కసారీ కదల్లేదు.

పెట్టెలు సగం కట్టేసరికి ఫోను మోగింది. మేనకోడలు.

"మామయ్యా, అమ్మకి ఊపిరి అందట్లేదు. ఆసుపత్రికి రానంటోంది, నిన్నే అడుగుతోంది. ఈ పొద్దుటి విమానానికే వచ్చేయి."

అతను బల్ల వంక చూశాడు. కట్టకుండా వదిలేస్తే సాయంత్రానికి సరుకంతా విచ్చుకుంటుంది.

"సాయంత్రం పెట్టెలతో పాటే వస్తానమ్మా. అరగంటేగా."

వెనకనుంచి అక్క గొంతు సన్నగా వినబడింది. "మొగ్గలు పంపడమేగానీ అవెలా విచ్చుకుంటాయో ఒక్కనాడైనా చూశాడా వెధవ? వచ్చి చూసుకోమను."

అతను నవ్వి, మళ్ళీ కత్తెర అందుకున్నాడు.

సాయంత్రం తొలిసారి విమానం ఎక్కాడు. అరగంట గడిచింది, గంట గడిచింది. కింద ఇంకా మబ్బులే.

"ఇంకెంతసేపండీ?" అని పక్క సీటాయన్ని అడిగాడు.

"ఇంకా సగం కూడా రాలేదండీ."

ఇన్నాళ్ళూ నోటితో అన్న లెక్క ఒంటికి తెలియడం అదే మొదలు.

ఇల్లు చేరేసరికి గుమ్మం దాకా జనం. మేనకోడలు ఎదురొచ్చింది.

"ఆరూ పదికి పోయింది మామయ్యా."

అతను బయలుదేరింది తన ఊరి గడియారంలో ఆరింటికి. కాగితం ప్రకారం పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ అతను రెండు గంటలకు పైగా గాలిలో కూర్చున్నాడు. పెట్టెలు మాత్రం ఒక్కటీ చెడలేదు.

అక్క మంచం పక్కన ఒక బకెట్టు ఉంది. నిండా నిన్న అతను పంపిన గులాబీలు.

"కొట్లో అమ్మనివ్వలేదు," అంది మేనకోడలు. "వాడొచ్చి చూసుకుంటాడు, ఇక్కడే ఉంచమంది."

అతను బొటనవేలు చాచి, ఎక్కడ నొక్కాలో తెలియక ఆగిపోయాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో అతనికి చివరికి మిగిలింది ఇదే: తన సరుకు విచ్చుకోగా ఒక్కసారి చూడటం. గుమ్మంలోంచి రాగానే కనబడేలా జరిపిపెట్టిన బకెట్టు, అంచుదాకా నీళ్ళు, రేకులన్నీ తెరుచుకున్న ఎర్రటి పూలు.