ఓపిక లేని పిల్ల

ఆ ఇంటి వెనకగదిలోకి వెళ్ళిన వస్తువేదీ బయటికి రాకూడదు, వస్తే పొయ్యిలోకే. క్షయకి మందు లేని రోజులవి. డాక్టరు చేయగలిగిందల్లా గుమ్మం దగ్గర నిలబడి "ఓపిక పట్టాలమ్మా" అనడమే. ఒంట్లో ఓపికే ఉంటే మంచం దిగి నిన్ను బయటికి గెంటేదాన్ని కదా అనుకునేది ఆ ఇంటి పదమూడేళ్ళ పెద్దకూతురు. పైకి అనేది కాదు. దాంతో వచ్చినవాళ్ళంతా "ఎంత ఓపికో పిల్లకి" అని మెచ్చుకుని వెళ్ళేవారు.

మింగిన మాటలన్నీ డైరీలో కక్కేసేది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పరామర్శించే పెద్దమ్మనీ వదల్లేదు, దగ్గు వినబడగానే కుట్టుమిషను జోరు పెంచే నాన్ననీ వదల్లేదు. మొదటి పుస్తకం నిండితే, భద్రంగా దాచిపెడతానని తల్లి పట్టుకెళ్ళింది.

కొన్నాళ్ళకి పిల్ల దాన్ని ఒకసారి ఇమ్మని అడిగింది. తల్లి తల తిప్పుకుంది.

"చెల్లికి అంటుకుంటే ఏం చెయ్యమంటావే?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్లకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట జ్వరానిది కాదు. తల్లి అన్నది నిజమే, ఎదురు చెప్పడానికి కూడా వీల్లేనంత నిజం. తన ఏడాది బతుకు ఒక పూట అన్నం ఉడకడానికి పనికొచ్చింది.

"బుజ్జీ," అని చెల్లెల్ని పిలిచింది. "నీ బడిపుస్తకం తెచ్చుకుని తలుపవతల కూర్చో. నేను చెప్తా, నువ్వు రాయి. నా గొంతు అంటుకోదులే."

చెప్పింది. కాసేపాగి చదవమంది.

"అక్క చాలా ఓపిగ్గా ఉంది," అని చదివింది బుజ్జి.

"నేనలా చెప్పానా?"

"అందరూ అదేగా అంటారు."

"కొట్టెయ్. అక్కకి ఓపిక లేదు, కోపంగా ఉంది అని రాయి. నా దగ్గు వినలేక నాన్న మిషను గబగబా తొక్కుతాడని రాయి."

పక్కగదిలో మిషను ఆగిపోయింది. పిల్లకి ఆయాసం వస్తోంది, అయినా ఆపలేదు.

"అమ్మ నా పుస్తకం పొయ్యిలో పెట్టిందని రాయి."

అవతల పెన్సిలు చప్పుడు ఆగింది.

"రాయవేం?"

"అమ్మ వచ్చిందక్కా."

పిల్ల అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాత తలుపవతల నుంచి తల్లి గొంతు వినబడింది.

"రాయవే. దాచిపెడతానని అబద్ధం చెప్పి మరీ పెట్టిందని రాయి."