డాక్టరుగారి రెండో చీటీ

ఆ ఆఫీసులో ఆవిడని అందరూ చీటీలక్కయ్య అనేవారు. ప్రముఖుల జీవిత కథలన్నీ ఒక పెద్ద పుస్తకంగా కూర్చే చోటు అది. ఒక్కో ప్రముఖుడి వివరాలూ అట్ట చీటీల మీద రాసి, దారంతో కట్ట కట్టడం అక్కయ్య పని. ఒకే పేరున్నవాళ్ల సొరుగంటే మాత్రం అందరికీ హడల్. ఒక పేరుకైతే ఏకంగా ఐదుగురు: జడ్జి, వస్తాదు, పటాలు గీసినాయన, వంతెనలు కట్టినాయన, ఒక డాక్టరు.

"వీళ్లకి వేరే పేర్లే దొరకలేదా!" అని విసుక్కునేది అక్కయ్య.

"మనల్ని అడిగి పెట్టుకోవాల్సిందమ్మా, పాపం తెలీక," అనేవారు పెద్దాయన, అప్పటి సంపాదకులు. ఆయన నవ్వితే కళ్లజోడు ముక్కు చివరికి జారేది. ఎంత మంచి రోజులవి!

నలభై ఏళ్లకు ఇప్పుడు రెండో ముద్రణ. పెద్దాయన పోయి చాలా కాలమైంది. ప్రూఫులు చూసిపెట్టమని కొత్త సంపాదకురాలు అక్కయ్యను బతిమాలి పిలిపించింది. రేపు పొద్దున్నే అచ్చు.

వంతెనలాయన వ్యాసమంటే పాఠకులకు ప్రాణం. సగం జీవితం వంతెనలు కట్టి, యాభయ్యో ఏట అన్నీ వదిలేసి కలరా రోగులకు ఆసుపత్రి పెట్టాడట. ఆ వ్యాసం అక్కయ్యదే. పెద్దాయన ఆవిడని ఒకే ఒక్కసారి "శభాష్" అన్నది దానికే. ఇన్నేళ్లూ ఆ మాట కొంగున ముడేసుకుని తిరిగింది.

ఇవాళ ప్రూఫులో ఆవిడ వేలు ఒకచోట ఆగిపోయింది. ఆసుపత్రి తెరిచిన ఏడాదే, అక్కడికి వెయ్యి మైళ్ల దూరంలో ఆయన వంతెన కడుతున్నాడు. సొరుగు చేజారి చీటీలన్నీ నేలపాలైన రోజు కళ్లకు కట్టింది. గాభరాగా ఏరి కట్టలు కట్టింది తనే. వృత్తి మొదటి చీటీ మీదే రాసేవారు, రెండోదాని మీద పేరొక్కటే. డాక్టరు రెండో చీటీ వెళ్లి వంతెనలాయన కట్టలో పడింది. పుస్తకంలో ఆ డాక్టరుకు దక్కింది ఒక్క ముక్క: "వైద్యుడు; వివరాలు తెలియవు."

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ఆ ఒక్క శభాషూ హుళక్కే.

"ఏంటండీ, అలా అయిపోయారు?" అంది సంపాదకురాలు.

"కొంప ముంచానమ్మా. ఇద్దరి బతుకులు తీసుకెళ్లి ఒకడికే అంటగట్టాను. నలభై ఏళ్లుగా ఆ డాక్టరు నోట్లో మట్టి కొట్టాను."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అందరికీ నచ్చిన వ్యాసం అదే కదండీ!"

"నచ్చితే? ఆసుపత్రి పెట్టింది ఆ డాక్టరు!"

ఎవరు తప్పు చేస్తే వాళ్లు ఆ చీటీ వెనక తమ పేరు పొడి అక్షరాలు వేయాలి. అది పెద్దాయన పెట్టిన పద్ధతి. అక్కయ్య సొరుగులోంచి వంతెనలాయన కట్ట తీసి, దారం విప్పి, డాక్టరు చీటీ తిరగేసింది.

అక్కడ అప్పటికే అక్షరాలున్నాయి. పెద్దాయనవి. పైన ఆకుపచ్చ సిరాతో మూడు ముక్కలు: "ఇది డాక్టరుగారిది. తప్పు నాది. మలి ముద్రణలో దిద్దాలి." కింద తేదీ, పుస్తకం అచ్చయిన వారానికి వేసింది.

తెలుసన్నమాట! ఒక్క మాటైనా అనలేదు. మలి ముద్రణ ఆయన ఉండగా రాలేదు.

"తప్పు ఈయనదట! ఎంత అబద్ధమో చూడు!" అని అక్కయ్య వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, ఆయన అక్షరాలు కొట్టేసి తనవి వేసింది.

"ప్రెస్సుకి ఫోన్ చెయ్యి తల్లీ. ఆ పేజీలు ఆపమను."

సాయంత్రానికల్లా డాక్టరుగారి వ్యాసం పూర్తయింది. కలం మూత పెట్టి, అలవాటు కొద్దీ పెద్దాయన కుర్చీ వైపు చూసింది.