తుమ్మదుంగ, మూడు సొరకాయలు

"దుంగ సంగతేంటమ్మా?" అని గోడ ఇవతలి నుంచి బుల్లయ్య అడిగితే, "సొర కోసేశాడన్నా!" అంది వడ్రంగి మీరావలి పెళ్లాం నజీరా, అవతలి నుంచి. ఎడమ చెవి సరిగ్గా వినపడని బుల్లయ్యకు అది "సగం కోసేశాడన్నా" అని చేరింది.

తండ్రి చేత్తో నాటిన తుమ్మ అది. ముప్పయ్యేళ్లు పెరిగి, అయిదేళ్లు ఎండింది. దర్శి చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి దొరకదు. పత్తిగింజల్ని తనంతట తనే జారవిడిచే గొర్రు చేస్తానని మీరావలి అడిగితే, తను చూడకుండా ఉలి పెట్టొద్దని ఒట్టు వేయించుకుని ఇచ్చాడు.

"ఆ దుంగ చీలిస్తే వాణ్ణి చీలుస్తా!" అంటూ బుల్లయ్య నలుగుర్ని పోగేసి వీధి చివరి మీరావలి కొట్టానికి పరిగెత్తాడు. విత్తనానికి పేడ పట్టిస్తున్న తల్లి హనుమాయమ్మ కూడా చేతులు కడుక్కోకుండానే, గింజల బుట్ట చంకన పెట్టుకుని వెనకాలే వచ్చింది.

కొట్టంలో దుంగ మూలన చెక్కుచెదరకుండా ఉంది. మీరావలి సొరకాయ ఒంటి చుట్టూ కత్తితో గుంటలు తవ్వుతున్నాడు. ఊళ్లో సొరకాయలు కోయని మగాడు లేడు. కత్తి పట్టి కోసేవాణ్ణి బుల్లయ్య ఇప్పుడే చూశాడు.

"ఏందిరా ఇది?"

"గొర్రులో తిరిగే దుంగకు గింజల గుంటలు పెట్టాలి. సొర చెడితే కూర, దుంగ చెడితే పొయ్యిలోకి. తవ్విన గుంట మళ్లీ చిన్నదవదు గదరా! అందుకే ముందు వీటిమీద. ఇది రెండోది."

సొరకాయకు ఇరుసు గుచ్చి, అడుగున చిల్లున్న గింజల తట్ట కింద బిగించి, చక్రం కట్టి ఇసుక మీద లాగాడు. దూది నూగు వదలని పత్తిగింజలు ఒకదానికొకటి అంటుకుని ముద్దముద్దగా పడ్డాయి.

"ముద్ద పట్టాలనే గుంట పెద్దది పెట్టా" అన్నాడు గర్వంగా.

"ఓరి నీ తెలివి తగలెయ్య! నూగుతో ఎవడు నాటుతాడ్రా?" అంది హనుమాయమ్మ. "పేడా ఎర్రమన్నూ పట్టించి, నులిమి విడదీస్తేగానీ చేలోకి తీసుకుపోం. ఇదుగో!"

తన బుట్టలోవి తట్టలో పోసింది. మళ్లీ లాగితే గుంటకు పదేసి గింజలు జలజలా రాలిపోయాయి.

మీరావలి ముఖం పాలిపోయింది. అందరూ ఒక్కసారే దుంగవైపు చూశారు. ఈ గుంటలే దానికి పడి ఉంటే!

మూడో సొరకాయకు చింతగింజంత గుంటలు పెట్టాడు. లాగాడు.

రెండు గింజలు. జానెడు ఇసుక. రెండు గింజలు. మళ్లీ జానెడు.

హనుమాయమ్మ ఇసుకలో కూర్చుని, పేడచేత్తోనే జానలు కొలిచింది. నలభై ఏళ్లు గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలిన చెయ్యి అది.

"నా పిడికిలేరా ఇది!" అంది నెమ్మదిగా. "సొరకాయకెట్లా వచ్చింది?"

బుల్లయ్య వెళ్లి దుంగను తనే ఎత్తుకొచ్చి మీరావలి ముందు దించాడు. "ఒట్టు తీరింది. పెట్టరా ఉలి."

"అది సరే, సగం కోశాడని మమ్మల్ని పరిగెత్తించావే, ఏదీ ఆ సగం?" అన్నాడు వెంటవచ్చిన వెంకటనారాయణ.

వెనకాలే వచ్చిన నజీరా కొంగు నోట్లో కుక్కుకుంది. "సగం కాదన్నా, సొర! సొర కోశాడన్నా!"

బుల్లయ్య చెవి తడుముకున్నాడు. దుంగ సంగతి విని ఇంకా రొప్పుతూ వస్తున్నవాళ్లకు వాకిట్లోంచే కేక పెట్టాడు.

"సగం కాదంట, సొరంట! నేనే తప్పు విన్నా. దుంగ నిక్షేపంలా ఉంది. ఇప్పుడు కోస్తాడు, చూసి పోండి!"