గులాబీ రాయితో కాపురం

నేను ఒక విసుర్రాయిలో సగాన్ని. కింది సగాన్ని. తిరిగేది, పిడి ఉండేది, అందరి కంటా పడేది పై రాయి. మోసేది నేను. నన్ను మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు.

నాది బూడిదరంగు గ్రానైటు. భూమి లోపల మరిగే ముద్ద పగుళ్లలోకి దూరి త్వరగా చల్లారింది కాబట్టి నా రవ్వలు సన్నం, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నన్నూ నా పై రాయినీ ఒకే బండలోంచి చెక్కారు. బస్టాండు పక్కన జొన్నరొట్టెలు అమ్మే బాలమణి ఇంటికి జంటగా వచ్చాం. ఆమె కొట్టు మీద 'ఇసుర్రాయి రొట్టెలు' అని బోర్డు. ఆ మాట చూసే జనం ఆగేవారు.

ఒకనాడు కడిగి ఎత్తుతుండగా పై రాయి జారిపడి రెండు ముక్కలైంది. బాలమణి కొత్తది తెచ్చింది. అదీ గ్రానైటే, కాకపోతే గులాబీ రంగు. ఇద్దరిలోనూ ఉన్నది అదే పలుగురాయి, అదే అభ్రకం. రవ్వల తేడా అంతా చల్లారడంలో. అది లోతున తాపీగా చల్లారింది కాబట్టి దాని రవ్వలు శనగబద్దలంతేసి ఉంటాయి. పెళ్లికూతురిలా ఉందని బాలమణి మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

కొద్దిరోజులకే ఆటో నడిపే రాజలింగం రొట్టె నములుతూ దవడ పట్టుకున్నాడు.

"అక్కా, రొట్టెల రాళ్లొస్తున్నయ్. పన్ను కదిలింది."

రాయి మొద్దుబారిందనుకుంది బాలమణి. మొద్దుబారిన విసుర్రాయికి ఉలితో గంట్లు పెట్టిస్తారు, దాన్నే కక్కు కొట్టడం అంటారు. నాలాంటి సన్నరవ్వకు అది మంచి మందు. గులాబీదానికి మాత్రం ఉలి తగిలినప్పుడల్లా పెద్ద రవ్వలు వదులై, చిట్లి పిండిలో రాలేవి. రాళ్లు వచ్చినకొద్దీ ఆమె కక్కు కొట్టించింది. కొట్టించినకొద్దీ రాళ్లు ఎక్కువయ్యాయి. మందు పనిచేయకపోతే మనుషులు మోతాదు పెంచుతారు గానీ మందు మార్చరు. కొట్టు దగ్గర ఆగేవాళ్లు తగ్గిపోయారు.

"గిర్నిల పిండి పట్టిచ్చుకరా చెల్లె. బోర్డు అట్లనే ఉండనీ. ఎవలకు తెలుస్తది?" అంది తోటికోడలు ఈశ్వరమ్మ.

"నాకు తెల్వదా?" అంది బాలమణి.

బోర్డును గోడవైపు తిప్పి కొట్టు మూసేసింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ కొట్టే దిక్కు. నాకు భయమేసింది.

మర్నాడు ఆమె గుప్పెడు పిండిని నీళ్లలో కలిపి వంపేసింది. గిన్నె అడుగున మిగిలిన రవ్వలను అరచేతిలో పోసుకుని ఎండలో చూసింది. అన్నీ గులాబీవే, బూడిదరంగుది ఒక్కటీ లేదు. నన్ను తడిమింది, దాన్ని తడిమింది.

"నీకు కక్కే పడదా ఏందే?" అంది దానితో.

ఇక ఉలి జోలికి పోలేదు. ఊక పోసి విసిరింది, పారబోసింది, మళ్లీ పోసింది. చేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని విసిరింది. వదులైన రవ్వలన్నీ రాలిపోయాక గులాబీది నా మీద కుదురుకుంది. మిగతాది అరిగినా గట్టి పలుగురాయి రవ్వలు మిట్టమిట్టగా నిలిచి అది తనంతట తానే గరుగ్గా ఉంటుందని అప్పుడు తెలిసింది. పాత జోడీ, నేనూ ఒకే రకం కావడంతో ఒకరినొకరం నున్నగా అరగదీసుకునేవాళ్లం. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, ఇంత మెత్తటి పిండి మేము ఏనాడూ ఇవ్వలేదు.

మొదటి రొట్టె బాలమణే తింది, కళ్లు మూసుకుని నమిలి నమిలి. తర్వాత వెళ్లి బోర్డు తిప్పింది.

రాజలింగం వచ్చి భయంభయంగా ఒక పక్క దవడతోనే నమిలాడు. కాసేపటికి రెండో పక్కకు మార్చాడు.

"ఇంకోటెయ్యక్కా" అన్నాడు.

పిండి చాలదని బాలమణి వచ్చి పిడి పట్టుకుంది. గులాబీది తిరిగింది. నేను మోశాను.