కంటి ఎత్తు

గిన్నెలు తోమడం అయ్యాక ఆమె ట్రైపాడ్ కాళ్ళు తోమడానికి కూర్చుంది. నిన్నటి ఫంక్షన్‌లో తడి పచ్చిక మీద నిలబెట్టారు. బురద కీళ్ళ దగ్గర ఎండి పట్టేసింది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచి, గోడకి ఆనించి ఆరబెట్టింది. హాల్లోంచి భర్త అన్నాడు, "మరలు సరిగ్గా బిగించు. పోయినసారి ఒకటి వదులుగా పెట్టావు." పోయినసారి వదులుగా పెట్టింది ఆయనే. ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఊరుకోవడం కూడా ఆ ఇంట్లో ఆమె రోజూ చేసే పనుల్లో ఒకటి, దాన్ని మాత్రం ఎవరూ పనిగా చూడరు.

భర్తకు ఫోటో స్టూడియో ఉంది. బోర్డు మీద ఉన్న పేరు ఆయనది. లోపల కూర్చుని మొహాల మీద మొటిమలు చెరిపేది, ఆల్బమ్‌లు పేర్చేది, "సార్ దార్లో ఉన్నారండీ" అని ఫోన్లో అబద్ధం చెప్పేది ఆమె. ఆడపడుచు వచ్చినప్పుడల్లా "వదినకేం, ఏసీలో కూర్చునే ఉద్యోగం" అంటుంది. జీతం లేని ఉద్యోగం ఎక్కడైనా ఉంటుందా అని ఆమె ఒకసారి నవ్వుతూనే అడిగింది. "ఇంట్లోవాళ్ళకి జీతమేంటమ్మా" అని అత్తగారు కూడా నవ్వుతూనే తేల్చేసింది.

బయట ఫంక్షన్లకు వెళ్ళినప్పుడు కెమెరా ఆయన మెడలో ఉంటుంది, ట్రైపాడ్ ఆమె భుజాన ఉంటుంది. "కెమెరా నేను మోస్తున్నాగా" అంటాడు, పనిని సరిసగం పంచినట్టు. అది పాతకాలపు ట్రైపాడ్, ఇనప్పెట్టె ఎత్తినట్టే ఉంటుంది. మోసి మోసి కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకెత్తి తల దువ్వుకోలేని పరిస్థితి వచ్చింది. ఎముకల డాక్టరు "ఏం పని చేస్తారమ్మా?" అని ఆమెనే అడిగాడు. పక్క కుర్చీలోంచి భర్త జవాబు చెప్పాడు, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది." డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. దారిలో భర్త నిజంగా ప్రేమగానే చెప్పాడు, "ఇక నీళ్ళ బకెట్లు నిండుగా మోయకు, సగం సగం తీసుకెళ్ళు." ఆ వారం ఫంక్షన్‌కి బయల్దేరేటప్పుడు ట్రైపాడ్ మళ్ళీ ఆమె భుజానికే ఎక్కింది. అది బరువు అని ఆయనకి తట్టలేదు. ఇన్నేళ్ళుగా తనకీ తట్టలేదని ఆ రోజు ఆమెకు తెలిసింది. నొప్పి కంటే అదే ఎక్కువగా బాధించింది.

ఆమెకు ఒక అలవాటు ఉంది. వానాకాలంలో స్టూడియో వెనక గోడకు నాచు పడుతుంది. పని తెమిలిన మధ్యాహ్నాల్లో ఆమె పాత కెమెరా ఒకటి తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళేది. దూరం నుంచి పచ్చని మరకలా కనిపించేది, దగ్గరికి వెళ్తే అడవిలా ఉండేది. సన్నని కాడలు, కాడల చివర గింజంత టోపీలు, టోపీల మీద నీటి చుక్కలు. ఆ ఫోటోల్లో ఒకటి, షోకేసులో ఎవరిదో ఫోటో తీసేస్తే ఖాళీ కనపడకూడదని, ఆమే పెట్టింది. భర్త దాన్ని చూశాడో లేదో ఆమెకు తెలియదు.

చూసింది ఒక లెక్చరరు. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుందట, పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చింది. షోకేసు ముందు చాలాసేపు నిలబడి "ఇదెవరు తీశారు?" అంది.

"మన స్టూడియోదే మేడం" అన్నాడు భర్త.

ఆమె మూలన కూర్చుని పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది. "నేను తీశాను" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

లెక్చరరు తిన్నగా ఆమె దగ్గరికే వచ్చింది. ఊరి చివర గుట్టలో ఒక వాగు ఉంది. దాని రాళ్ళ మీద పెరిగే నాచుల గురించి ఆవిడ పుస్తకం రాస్తోంది. వానలు ఉన్నన్నాళ్ళే అవి పచ్చగా ఉంటాయి, ఈలోపే ఫోటోలు కావాలి. రాళ్ళెక్కి నడవాలి, నేలకి ఆనుకుని తీయాలి. "వస్తారా?" అని అడిగింది. భర్త ముందుకొచ్చి "మేం చూసుకుంటాం మేడం" అన్నాడు. సాయంత్రానికి సంగతి పూర్తిగా అర్థమయ్యాక ఆయనకి ఆసక్తి పోయింది. "పాచి ఫోటోలకా? నువ్వే వెళ్ళిరా. నీకూ కాస్త కాలక్షేపం" అన్నాడు.

ఇంట్లో ఉన్న ట్రైపాడ్‌తో గుట్ట ఎక్కడం కుదరదు. పైగా అది నేలదాకా వంగదు. లెక్చరరు ఇచ్చిన అడ్వాన్సు బ్యాగులో పెట్టుకుని ఆమె కెమెరా షాపుకి ఒక్కతే వెళ్ళింది.

"సార్ రాలేదా?" అన్నాడు షాపతను. ఏళ్ళుగా తెలిసినవాడే, ఎప్పుడూ ఆయనతోనే మాట్లాడేవాడు. తేలిగ్గా ఉండే ట్రైపాడ్ కావాలంటే ముందుగా ఒక రంగురంగుల స్టాండు తీశాడు. "లేడీస్‌కి ఇది బాగుంటుంది మేడం." ఆమె దాని కాళ్ళు పూర్తిగా లాగి, పైభాగాన్ని వేలితో తట్టింది. స్టాండు జ్వరం వచ్చినట్టు వణికింది. "కెమెరా నిలబడాలండీ" అంది. ఇంకోటి తీశాడు, అది గట్టిదే గానీ బరువు. మూడోది నల్లటి కార్బన్ స్టాండు. ఆమె దాన్ని కావాలనే కుడిచేత్తో ఎత్తింది. భుజం ఏమీ అనలేదు. కాళ్ళ మొదట్లో ఉన్న మీటలు నొక్కితే కాళ్ళు ఇంకా విడిపోయి కప్పలా నేలకి పరుచుకున్నాయి. చుట్టూ జనం ఉన్నారని తెలిసినా షాపు మధ్యలో కింద కూర్చుని చూసింది. తర్వాత లేచి, కాళ్ళు ఒక్కొక్కటిగా పైకి లాగుతూ కంటికి ఎదురుగా వచ్చేదాకా పెంచింది.

అక్కడ ఆగిపోయింది. మడమలు నేల మీద ఉన్నాయి. ఇంట్లో ట్రైపాడ్ ఎప్పుడూ భర్త కంటి ఎత్తుకి బిగించి ఉంటుంది. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు "నాలుగు తీసి ఉంచు" అంటే ఆమె మునివేళ్ళ మీద నిలబడి తీసేది, ఎత్తు మారిస్తే ఆయన మళ్ళీ సరిచేసుకోవాలని. వంటగట్టు అత్తగారి ఎత్తుకి కట్టించారు, దాని ముందు ఆమె నడుము వంచి నిలబడుతుంది. బాత్రూంలో అద్దం ఆయన గడ్డం గీసుకోవడానికి వీలుగా పెట్టారు, అందులో ఆమెకు తన నుదురు మాత్రమే కనపడుతుంది. ఒకచోట వంగుతూ, ఒకచోట నిక్కుతూ ఇన్నేళ్ళు గడిచిపోయాయి. నీ కంటి ఎత్తు ఎంత అని ఎవరూ అడగలేదు సరే, తను మాత్రం ఎప్పుడైనా కొలుచుకుందా? షాపులో నిలబడి ఏడిస్తే బాగుండదని గోడ మీదున్న కెమెరాల బొమ్మలు చూస్తూ కాసేపు ఉండిపోయింది.

"స్టాండు వేరు, పైన కెమెరా బిగించే హెడ్ వేరు మేడం" అన్నాడు షాపతను. "హెడ్ ఏది కావాలో సార్‌ని కనుక్కుంటా ఉండండి." ఆమె వద్దనేలోపే ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"తనకి కాళ్ళు ఇచ్చి పంపండి చాలు" అన్నాడు భర్త అటునుంచి. "తల ఎందుకు, నేనున్నాగా." నవ్వాడు. షాపతనూ నవ్వాడు. ఆమె మొహం చూసి మధ్యలో మానేశాడు. "పాత హెడ్ ఇంట్లో పడుంది, దానికి బిగించుకోమనండి" అని భర్త ఫోన్ పెట్టేశాడు.

ఆ పాత హెడ్ సంగతి ఆమెకు తెలుసు. ఎంత బిగించినా కెమెరా ముక్కు కొద్దికొద్దిగా కిందికి వాలిపోతుంది. ఆయన ఫోటో తీసేటప్పుడు పక్కన నిలబడి కింద నుంచి చెయ్యి ఆనించి పట్టుకునేది ఆమే.

"హెడ్‌లు చూపించండి" అంది.

"సార్ వద్దన్నారు కదా మేడం."

"వాగులో దిగేది నేనండీ."

మూడు పిడులున్నది ఒకటి చూపించాడు. ఒక్కో దిక్కుకి ఒక్కో పిడి, బాగానే తిరుగుతుంది గానీ బరువు, పైగా ఆ పిడులు సంచిలో ఇరుక్కుంటాయి. తర్వాత గుండ్రటి బాల్ హెడ్ ఒకటి. ఒక్క మర వదిలితే కెమెరా ఎటు కావాలంటే అటు వాలుతుంది, బిగిస్తే అక్కడే ఆగుతుంది. మర పెద్దదిగా, గరుకుగా ఉంది, తడి చేతికి కూడా పట్టు దొరుకుతుంది. షాపులోని బరువైన కెమెరా ఒకటి అడిగి దాని మీద పెట్టింది. కిందికి వంచి, బిగించి, అద్దంలోంచి నేల మీది పలక అంచుని గురిచూసి పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. షాపతను ఇద్దరు ముగ్గురు కస్టమర్లతో మాట్లాడి వచ్చాడు. పలక అంచు కదల్లేదు. "ఇది ఇవ్వండి" అంది.

ఇంటికి తెస్తే అత్తగారు ఎత్తి చూసి "గాలికి ఎగిరిపోయేలా ఉందే, దీనికా అంత పెట్టావ్" అంది. దాని కింద సంచి వేలాడదీస్తే నిలబడుతుందని చెప్పింది ఆమె. భర్త కాళ్ళు లాగి, ముడిచి, ఒంటిచేత్తో భుజానికి ఎత్తుకున్నాడు. "భలే ఉంది. ఇన్నాళ్ళూ ఆ గుదిబండ ఎందుకు మోశామో" అన్నాడు. మోశాం అన్న ఆ మాట దగ్గర ఆమె గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కూర కలిపింది.

వాగుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే లేచి అందరికీ వంట చేసి, డబ్బాలు సర్ది, తలుపు వెనక చెయ్యి పెడితే కొత్త ట్రైపాడ్ లేదు. భర్త అప్పటికే బయల్దేరిపోయాడు. ఏదో కంపెనీ వార్షికోత్సవం. ఫోన్ చేసింది.

"తేలిగ్గా ఉందని తెచ్చా. మేడమెట్లు ఎక్కాలి ఇక్కడ" అన్నాడు. "పాతది ఉందిగా, ఒక్కరోజు దాంతో సర్దుకో. పాచేమైనా పారిపోతుందా?"

"అలా అడుగుతున్నావేంటి, మొగుడు తీసుకెళ్తే పరాయివాడు తీసుకెళ్ళినట్టు" అంది అత్తగారు, టీ చల్లార్చుకుంటూ. అందులో కోపం లేదు, విడ్డూరం మాత్రమే ఉంది. ఆమెకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆ ఇంట్లో తనది అని చెప్పుకునే వస్తువు ఆవిడకి కూడా ఒకటైనా ఉందో లేదో.

ఆమె లెక్చరరుకి ఫోన్ చేసి కాస్త ఆలస్యమవుతుందని చెప్పి, పాత కెమెరా సంచిలో వేసుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకోవాలని చూసింది. వాదిస్తే ఆయన గెలుస్తాడు, అలవాటు ఆయనకే ఎక్కువ. ఏడిస్తే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అంటాడు, ఇంటికెళ్ళాక ఆకలంటాడు. దిగాల్సిన చోటు వచ్చేసరికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు.

వార్షికోత్సవం హాల్లో ఆఫీసర్లు వేదిక మీద వరసగా నిలబడి ఉన్నారు. భర్త కెమెరాకి కన్ను ఆనించి "కొంచెం దగ్గరికి జరగండి సార్" అంటున్నాడు. ఆమె ఫోటో అయ్యేదాకా పక్కన ఆగింది. అయ్యాక దగ్గరికి వెళ్ళి, కెమెరాని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మర వదిలింది.

"ఏంటిది? ఏం చేస్తున్నావ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"కెమెరా పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. పట్టుకోకపోతే పడిపోతుంది. ఆమె ఒక్కో కాలూ లోపలికి నెట్టి మీటలు వేసింది. ముందు వరసలో వాళ్ళు మాటలాపి చూస్తున్నారు.

"అందరూ చూస్తున్నారు. పరువు తీయకు. మరి నేనెలా తీయాలి?"

"ఇంట్లో ఉంది కదండీ మీది. బరువే గానీ, మీరు మోయగలరు."

ట్రైపాడ్ భుజాన వేసుకుని జనం మధ్యలోంచి నడిచింది. వెనక నుంచి ఆయన పిలుస్తాడేమోనని గుమ్మం దాకా ఎదురుచూసింది. పిలవలేదు. పిలిస్తే ఆగేదేమోనని మెట్లు దిగుతూ భయపడింది.

వాగు దగ్గర లెక్చరరు రబ్బరు బూట్లతో నీళ్ళలో నిలబడి ఉంది. ఏ రాయిని ఫోటో తీయాలో చూపించి, "ఇంట్లో ఇబ్బందేమీ లేదు కదా?" అని అడిగింది.

"ఉందండీ" అంది ఆమె. "వానలు ఉన్నన్నాళ్ళూ వస్తాను."

లెక్చరరు తల ఊపి, పైనున్న రాళ్ళు చూసొస్తానని వాగు వెంట వెళ్ళిపోయింది. బూట్ల చప్పుడు కాసేపు వినపడి నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది.

ఆమె ట్రైపాడ్ కాళ్ళు రాళ్ళ మీద పరిచి, తను కూడా నేలకి ఆనుకుని పడుకుంది. చెట్ల నీడలో వెలుతురు తక్కువ, బొమ్మ పడటానికి సమయం పడుతుంది. బటన్ నొక్కి కదలకుండా ఉండిపోయింది. ఆ కొద్దిసేపట్లో సాయంత్రం ఇల్లు కళ్ళముందుకొచ్చింది. అరుపులుండవు. ఆయన పళ్ళెం ముందు మౌనంగా కూర్చుంటాడు, అత్తగారు కొడుకు మొహం చూసి నిట్టూరుస్తుంది, ఆ మౌనం గది గదికీ ఆమె వెంట తిరుగుతుంది. ఎవరైనా తన పక్షాన మాట్లాడతారా అంటే ఒక్కరూ గుర్తుకు రాలేదు. అమ్మ కూడా "సర్దుకోవాల్సిందే కదా" అనే అంటుంది.

కెమెరా టిక్కుమంది. తెర మీద చూసుకుంది. ప్రతి కాడా విడివిడిగా, ప్రతి టోపీ మీదా నీటిచుక్క, ఎక్కడా అదురు లేదు. చూపించాలని అలవాటుగా తల పక్కకి తిప్పింది. పక్కన రాయి ఉంది.

"బాగా వచ్చింది" అంది పైకే. అని, తన మాట తనే విని, రెండో రాయి దగ్గరికి ట్రైపాడ్ జరుపుకుంది.