పది లక్షల మూడు

లెక్కల పంతులు ప్రభుదాసుకు ఒక వెర్రి ఉండేది. పది లక్షల మూడు ప్రధాన సంఖ్యేనని, అంటే ఒకటీ తానూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించేది మరొకటి లేదని, తన చేత్తో తేల్చుకోవాలి. ఏ పుస్తకంలోనో ఉండే ఉంటుంది. ఒకరు చేసిన లెక్కతో ఆయనకు కడుపు నిండదు. వేయి లోపు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. వేయికి పైదానితో భాగం పోతే దాని జత వేయి లోపలే చిక్కి ఉండాలి. అవి నూట అరవై ఎనిమిది. ఏడు వందల లోపువి నూట ఇరవై అయిదూ అయిపోయాయి.

1957 వేసవిలో ఆళ్లగడ్డలో ఉన్న చెల్లెలు లూదియాను చూడాలని నంద్యాలలో బస్సెక్కి, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని భాగిస్తూ కూర్చున్నాడు. అదే కొంప ముంచింది. ఊరు రెండు మైళ్లుందనగా అక్కడి ఒక వర్గం పెద్ద చెన్నకేశవులు మనుషులు బస్సు ఆపారు. వారం కిందటే అతని తమ్ముణ్ణి ఎదుటి వర్గంవాళ్లు నరికారు. నోటుబుక్కు నిండా అంకెలు చూసి, శత్రువులకు మోస్తున్న రహస్యమనుకున్నారు.

కళ్లంలో పడేసి తన్నారు. వాళ్లలో సుభాన్ అనేవాడి కర్ర దెబ్బకు పక్కటెముక విరిగింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. అది దేనితోనూ భాగం పోని అంకె, అంతకుమించి ఏమీ లేదని ప్రభుదాసు మొత్తుకున్నాడు.

చెన్నకేశవులు వేటకొడవలి ఒళ్లో పెట్టుకున్నాడు.

"భాగం పోనిదేదీ ల్యా అయివారూ. ఈడనే చేసి చూపీ. పోకుంటే ఇంటికి పో. పోయిందా, అబద్ధం రాసిన చెయ్యి నాది."

మిగతా నలభై మూడింటి సంగతి ప్రభుదాసుకూ తెలియదు. కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. 701కి 377 మిగిలింది. 709కి 313. కాగితం మీద కారిన నెత్తురును మోచేత్తో తుడిచి మళ్లీ రాశాడు.

811 దగ్గర సున్న వచ్చింది.

కళ్లంలో ఒక్కడికీ భాగహారం రాదు. ఏదో ఒక అంకె వేసి ముందుకు పోతే చెయ్యి దక్కుతుంది. కానీ దొంగ లెక్కలు చేసే పిల్లల మీద ఇరవై ఏళ్లు బెత్తాలు విరగ్గొట్టిన మనిషి. ఆ పాడు నిజాయితీ ఇప్పుడు అడ్డం వచ్చింది.

"భాగం పాయె అన్నా," అన్నాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలుస్తాండెనా?"

"తెలీదు."

చెన్నకేశవులు ముఖంలో జాలి కనబడింది. అయినా పదిమంది ముందు అన్న మాట. సుభాన్ వచ్చి ప్రభుదాసు కుడి మణికట్టును మొద్దు మీద అదిమి పట్టాడు. మొదటి వేటు ఎముక దగ్గర ఆగింది. రెండోదానికి చెయ్యి ఊడి పడింది.

తొమ్మిదో రోజు ఆసుపత్రిలో ప్రభుదాసు పక్కనే ఉన్న లూదియా చేత నోటుబుక్కు తెరిపించుకున్నాడు. ఇప్పుడు రెండు కళ్లూ తెరుచుకున్నాయి. 811 లెక్క చివరి మెట్టులో 2473 నుంచి 2433 తీయాలి. పై మెట్టులోనూ 2433 ఉంది. ఆ రోజు ఒంటి కన్నుతో 2473లోని ఏడును మూడని చదివాడు. మిగిలేది సున్న కాదు, నలభై.

వార్డంతా వినేలా ఏడ్చాడు. తర్వాత ఎడమ చేత్తో పెన్సిలు పట్టి 821 నుంచి మొదలుపెట్టాడు. వారం పట్టింది. చివరిదైన 997కి పన్నెండు మిగిలింది.

"అంకె నిజమే చెప్పింది లూదియా," అన్నాడు. "అబద్ధం చెప్పింది నేను."