చారలు రాని టేపు

ఆవిరి బాబాయి చేతిలో పడిన క్రిమి ప్రాణాలతో బయటపడిన దాఖలా ఎక్కడా లేదు. పొద్దున్నే అతను గది తలుపు తీసిన చప్పుడు వినగానే క్లినిక్‌లోని క్రిములన్నీ మూటాముల్లె సర్దుకుని పక్క వీధికి బదిలీ చేయించుకునేవి. కాస్త ముసలి క్రిములు మాత్రం నడవలేక, సెలవు చీటీ రాసి పంపేవి.

ఇంత పేరు రావడానికి కారణం అతని గదిలో ఉన్న, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ మిషన్. చూడడానికి అది ఇంటి కుక్కర్‌కి పెదనాన్నలా ఉంటుంది. కత్తెర్లు, పట్టకార్లు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి అతను అందులో పెడతాడు. ప్రతి మూట మీదా ఒక టేపు ముక్క అంటిస్తాడు. వేడి ఆవిరి తగిలితే ఆ టేపు మీద నల్లటి చారలు తేలతాయి. చారలున్న మూటనే విప్పాలి. చారల్లేని మూట ఎంత తెల్లగా మెరుస్తున్నా ముట్టుకోకూడదు.

ఆ రోజు అతని కూతురు అదే క్లినిక్‌లో ప్రసవించింది. ఆడపిల్ల. కాస్త కుట్లు పడ్డాయి గానీ తల్లీబిడ్డా క్షేమం. తాత హోదా వచ్చిన ఆనందంలో బాబాయి మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, ఈల వేసుకుంటూ ప్రసవం గది సర్దడానికి వచ్చాడు. సూదుల్ని, కాన్పు చేసిన సిస్టరమ్మ అప్పటికే గట్టి తెల్ల డబ్బాలో పడేసింది. నెత్తుటి దూది పసుపు సంచిలోకి చేరింది. ఇక మిగిలింది బల్ల మీద విప్పి పెట్టిన మూట గుడ్డ. దాన్ని తీసి మడత పెట్టబోయి బాబాయి ఆగిపోయాడు.

గుడ్డ అంచున టేపు ఉంది. దాని మీద ఒక్క చారా లేదు.

ఈల పెదాల మీదే చచ్చింది. తన కూతురికి కుట్లు వేసింది ఈ మూటలోని సామానుతోనే. దీనికి ఆవిరే తగల్లేదా? మిషన్‌లో పెట్టానా, పెట్టాననుకున్నానా? పక్క గదిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. వేరే రోజైతే ఆ ఏడుపుకి మురిసిపోయేవాడు. ఇప్పుడు మాత్రం అది తననే నిలదీస్తున్నట్టుంది.

దాచిపెడదామన్న ఊహ రాకపోలేదు. వచ్చినంత వేగంగానే పోయింది. గుడ్డ పట్టుకుని సిస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"సిస్టరమ్మా, కొంప మునిగింది. నా చేతులారా నా బిడ్డ గొంతు కోశాను."

"గొంతు నిక్షేపంగా ఉంది బాబాయ్. ఇందాకే కాఫీ ఏదని అరిచింది. ఏమైంది?"

అతను టేపు చూపించాడు. ఆమె ముఖంలో నవ్వు మాయమైంది. గుడ్డ వెలుతురులోకి తిప్పి, గోటితో టేపు అంచు లేపి చూసింది.

"ఇది మన టేపు కాదు."

"అదేంటమ్మా, నేనే అంటించాను!"

"నువ్వే అంటించావు, మన టేపు కాదు. మన దాని మీద ముందే లేత గీతలుంటాయి. ఇది అట్టపెట్టెలకి వేసే టేపు. రోజంతా ఆవిరిలో పెట్టినా చారలు రావు. అంటించేటప్పుడూ, మిషన్‌లోంచి తీసేటప్పుడూ కళ్లజోడు పెట్టుకోమంటే ముసలాడిలా కనిపిస్తానంటావు."

"నా అందం సంగతి తర్వాత. ఆవిరి తగిలిందా లేదా, అది చెప్పు తల్లీ."

ఆమె ప్రసవం గదిలోకి నడిచింది. సామాను పెట్టిన స్టీలు ట్రే పక్కనుంచి సన్నటి కాగితం ముక్క ఒకటి తీసి అతని కళ్ల ముందు పెట్టింది. దాని చివర నల్లగా, కాటుకలా ఉంది.

"నువ్వు మూట కట్టేటప్పుడు మధ్యలో నేనొకటి దూరుస్తాను, చూడలేదా? పై టేపు చెప్పేది మూట బయటి సంగతే. లోపలి కత్తెర దాకా ఆవిరి వెళ్లిందో లేదో ఇది చెబుతుంది. ఇది నల్లబడితేనే నేను సామాను ముట్టుకుంటాను. మీ అమ్మాయి కేకలకి పై టేపు చూడకుండా విప్పేశాను, అది నా తప్పే. దీన్ని మాత్రం చూశాకే కత్తెర పట్టుకున్నాను."

"అంటే?"

"అంటే శుభ్రంగా ఉడికింది. పిల్లకేం కాదు, పో."

బాబాయి అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం కాలి బొటనవేలి నుంచి మెల్లగా పైకి పాకుతూ వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. మొదట్లో నేను చెప్పిన గొప్పల్లో సగం ఇక్కడే కొట్టేసుకోండి. క్రిములు భయపడింది ఆవిరికి, సిస్టరమ్మకి. బాబాయికి కాదు.

మరి ఆ టేపు ఎలా మారిందంటే, సమాధానం కూతురి మంచం పక్కనే కూర్చుని ఉంది. అతని భార్య. బాబాయి పక్క గదిలోకి వెళ్లి సంగతి చెప్పగానే ఆమె అందుకుంది.

"ఏమండీ, మొన్న మీ సంచిలో ఉన్న టేపేనా? పసిదాని బట్టల పెట్టెకి వేశాను. ఇంట్లోది పక్కన పెడితే మీరే సంచిలో వేసుకుపోయారు. మీ దిక్కుమాలిన టేపు గిన్నె మీద అంటించి కుక్కర్‌లో పెడితే ఒళ్లంతా చారలు! గిన్నె పాడైందని గంటసేపు తోమాను."

"తోమితే పోయాయా?"

"అవి పోలేదు, నా గోళ్లు పోయాయి."

కూతురు కుట్లు నొప్పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మా, నవ్వించకే!" అంటూనే పాపను తండ్రి చేతికి అందించబోయింది. బాబాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉండమ్మా. చేతులు కడుక్కుని వస్తాను."

కడుక్కుని వచ్చి ఎత్తుకున్నాడు. అతను తనివితీరా చూసేదాకా సిస్టరమ్మ ఓపిక పట్టి, ఆ తర్వాత గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది. ఆ విడతలో చేసిన తక్కిన మూటలన్నీ విప్పి, సరైన టేపు వేసి, మళ్లీ ఆవిరి పట్టాలట. పై టేపు తప్పైతే లోపల ఎంత బాగున్నా అల్మరాలో ఉంచకూడదట. వేరే రోజైతే బాబాయి నడుం నొప్పి కథ మొదలుపెట్టేవాడు. ఆ రోజు మాత్రం కిక్కురుమనకుండా వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని మూటలు కట్టాడు. మిషన్ చల్లారాక తలుపు తీస్తే ప్రతి మూట మీదా చారలు నిగనిగలాడాయి. ఒక్కో మూటనూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అల్మరాలో పెట్టాడు.

ఇదంతా జరిగినదే. కుక్కర్‌లో గిన్నెకి చారలు రావడం మాత్రం నేను కల్పించింది. ఆ ఇల్లాలు టేపుని బట్టల పెట్టెకి తప్ప దేనికీ వాడలేదు, ఆమె గోళ్లు కూడా పదిలంగానే ఉన్నాయి.